క్యోటో కొట్టేశాను

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి జనవరిలో రమ్మన్నాడు. మావారి లెక్కేమో వారంలో టోక్యో, క్యోటో, హొక్కైడో మంచు అన్నీ చూసెయ్యాలని! నేనొప్పుకోలేదు. హొక్కైడో అంటే మళ్ళీ విమానం, మళ్ళీ మూటలు. టోక్యోలో షింకన్‌సెన్ ఎక్కితే గంటన్నరలోపే గాలా యుజావా. స్టేషన్లోంచే స్కీ కొండకి కేబుల్‌కారు. స్కీలూ, బట్టలూ అక్కడే అద్దెకిస్తారు. రాత్రికి ఇంటికొచ్చెయ్యొచ్చు. కవబాత మంచుదేశపు నవల ఆ యుజావాదే, బీఏ చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

"ఈ వయసులో కాళ్ళు విరగ్గొట్టుకుంటావా?" అన్నారు అత్తయ్యగారు. అందుకే బీమాలో స్కీయింగ్ కలుస్తుందో లేదో ముందే అడగమన్నాను, మీరూ అడగండి. రాజాం ఎండల్లో నలభై ఆరేళ్ళు గడిపాను. గుళ్ళు అరవైలోనైనా చూస్తాను, మోకాళ్ళు అప్పటిదాకా ఆగవు. క్యోటో కొట్టేశాను. మావారింకా అలకలోనే ఉన్నారు.