కరెంటుకో లెక్క, నిలబడిన జాగకో లెక్క
(నగరం ఎవరిది? - 9వ భాగం)



ఎలక్ట్రిక్ బండ్ల చార్జింగ్‌కూ మన బస్తీలకూ ఏం సంబంధమని కొందరు విద్యార్థి మిత్రులు అడుగుతున్నారు. సంబంధం ఉంది. అది జాగతో సంబంధం.

పబ్లిక్ చార్జింగ్ స్టేషన్ కోసం ప్రభుత్వ భూమిని ఆదాయంలో వాటా మీద ఇవ్వొచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. ప్రభుత్వ సంస్థకైతే ఆ వాటాను యూనిట్‌కు 1 రూపాయిగా పెట్టింది. ప్రైవేటు వాళ్లకు వేలాన్ని కూడా ఆ రూపాయి నుంచే మొదలుపెట్టమంది. ఇక 2024 నవంబర్‌లో తెలంగాణ జీవో 41 తెచ్చి, 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. భూమి ప్రజలది, వదులుకున్న పన్నూ ప్రజలదే. మరి ఆ చార్జర్ ముందు ఎవరు నిలబడగలుగుతున్నారు?

మా బస్తీలో ఒక తమ్ముడు ఎలక్ట్రిక్ ఆటో నడుపుతాడు. వాడి బండికి పట్టే ప్లగ్గు దొరకడమే కష్టం. ఫాస్ట్ చార్జర్లు ఎక్కువగా కార్ల కోసం పెట్టినవే. దొరికిన ఒక్కచోట కరెంటు డబ్బులు కట్టాక గేటు దగ్గర పార్కింగ్ చీటీ చేతిలో పెట్టారు. బండి అక్కడ నిలబడింది కరెంటు కొనడానికే. పెట్రోల్ బంకులో పెట్రోల్ పోయించుకుంటే పార్కింగ్ ఫీజు తీసుకుంటారా?

మాల్స్, మల్టీప్లెక్సుల పార్కింగ్ దోపిడీ మీద 2018లో జీవో 63 వచ్చింది. మొదటి 30 నిమిషాలు ఉచితం. బిల్లు చూపిస్తే గంట దాకా ఉచితం. గంట దాటితే పార్కింగ్ ఫీజు కన్నా ఎక్కువ బిల్లు చూపించాలి. ఆటో బ్యాటరీ అరగంటలో నిండదు. చార్జింగ్ రసీదు కూడా కొనుగోలు బిల్లేనని సర్కారు ఒక్క ముక్క రాస్తే సగం గొడవ తీరుతుంది.

జరిమానాలే వద్దని నేను అనడం లేదు. చార్జింగ్ నిండాక కూడా కారు అక్కడే వదిలేసి సినిమాకు పోయేవాడి దగ్గర నిమిషాల లెక్కన వసూలు చేయాల్సిందే. వాడు ఆపుతున్నది వెనక నిలబడిన ఆటో కిరాయిని. కరెంటు ఎక్కుతున్న సమయం వేరు, జాగ ఆక్రమించిన సమయం వేరు. ఈ రెండింటినీ ఒకే చీటీలో కలిపేస్తే నష్టపోయేది రోజు కూలి మీద బతికేవాడే.

ఇంకో సంగతి. చార్జర్ కోసం ఫుట్‌పాత్ ఖాళీ చేయించాలంటే అక్కడ మిర్చిబండి పెట్టుకున్న అక్కకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం చెప్పేది ఇదే. పచ్చదనం పేరు చెప్పి ఆ చట్టాన్ని దాటిపోవడం కుదరదు.

మహద్ చెరువును మున్సిపాలిటీ కాగితం మీద అందరికీ తెరిచింది 1924లో. నీళ్లు ముట్టుకోవడానికి 1927లో బాబాసాహెబ్ నడవాల్సి వచ్చింది. ఆ అవమానమూ ఇదీ ఒకటేనని నేను అనను. కానీ 'పబ్లిక్' అని బోర్డు రాసినంత మాత్రాన అది పబ్లిక్ అయిపోదని మనకు నేర్పింది ఆ నడకే.

కాబట్టి అడుగుదాం. చార్జింగ్ సమయానికి పార్కింగ్ ఫీజు వద్దు. ప్రభుత్వ జాగలో పెట్టే ప్రతి స్టేషన్‌లో ఆటోలకు, డెలివరీ బండ్లకు విడిగా ప్లగ్గులు, విడిగా జాగ ఉండాలి. రేట్లు, రూల్సు తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో బోర్డు మీద ఉండాలి. మీ కాలేజీ దగ్గరున్న స్టేషన్‌కు వెళ్లి చూడండి. ఆ జాగ ఎవరిది, ఏ షరతు మీద ఇచ్చారు అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలే.

జై భీమ్!