దీపం పట్టుకొన్నవానినే శంకించవలసి వస్తే

భయానక చలనచిత్రాలను గురించి ధార్మికులలో ఒక తేలికమాట ప్రచారంలో ఉన్నది: తెరమీది భూతం మిథ్య, కనుక దానివల్ల కలిగే భయమూ మిథ్యయే అని. భూతమే లేని చిత్రాన్ని చూచి రాత్రంతా నిద్రపట్టని వానికి ఈ సమాధానం పనికిరాదు.

చీకటిలో తలుపు దభాలున తెరుచుకొని, చెవులు పగిలే ధ్వని వినిపిస్తే ప్రేక్షకుడు అదిరిపడతాడు. అది ఉలికిపాటే గాని భయం కాదు. పక్కవాడు నవ్వగానే పోతుంది. భరతముని భయాన్ని స్థాయిభావంగా పరిగణించాడు. స్థాయి అంటే నిలిచేది. భయానకరసానికి ఆయన చెప్పిన విభావాలలో వికృతధ్వనులు, శూన్యగృహాలు, అరణ్యాలు ఉన్న మాట నిజమే. అయినా అభినవగుప్తుడు ఉదాహరణకు ఎన్నుకొన్నది శ్మశానాన్ని కాదు, శాకుంతలంలో దుష్యంతుని రథానికి ముందు పరుగెత్తే లేడిని.

1980లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'ది షైనింగ్' చిత్రాన్ని చూడండి. శీతకాలంలో మూతపడిన ఒక పర్వతప్రాంతపు హోటలుకు కాపలాదారుగా ఒక రచయిత భార్యాపుత్రులతో వస్తాడు. వారాల తరబడి అతడు టైపు చేస్తున్న గ్రంథాన్ని ఒకనాడు భార్య తీసి చూస్తుంది. పుట తరువాత పుట, అన్నిటా ఒకే వాక్యం. ఆ చిత్రంలో రక్తప్రవాహం ఉన్నది, ప్రేతాలున్నాయి. ఏదీ ఆ కాగితాల కట్టకు సాటిరాదు. ఇన్నాళ్లూ వినిపించిన ఆ టైపు చప్పుడే 'ఆయన పని చేసుకొంటున్నారు' అన్న ధైర్యాన్ని ఆమెకు ఇస్తూ వచ్చింది. ఆ ధైర్యమే అసత్యమని తేలింది.

త్రాటిని చూచి సర్పమని భ్రమించిన వానికి దీపం తెస్తే చాలునని వేదాంతం చెబుతుంది. ఇక్కడ శంక త్రాటిపై కాదు, దీపం పట్టుకొన్నవానిపై. బుద్ధియే వికలమైతే దేనితో సరిచూచుకోవాలి? రెండవదాని వల్లనే భయం కలుగుతుందని బృహదారణ్యకం. సాధారణ భయానకచిత్రంలో ఆ రెండవది వెలుపల ఉంటుంది, తలుపు మూసుకోవచ్చు. ఇటువంటి చిత్రంలో అది తన అంతఃకరణంలోనే, తన పేరే పెట్టుకొని కూర్చుంటుంది.

ఫాజిల్ 1993లో మలయాళంలో తీసిన 'మణిచిత్రతాళు'లో గంగ అనే గృహిణి, ఏనాడో మరణించిన తంజావూరు నర్తకి నాగవల్లి కథలో లీనమై ఆమెయే తాననుకొంటుంది. భర్తతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే కంఠం మారి, మలయాళం పోయి తమిళం వస్తుంది. (దీని ఆధారంగా వచ్చిన తమిళ 'చంద్రముఖి'లో ఆ పరభాష మన తెలుగే.) కత్తి అక్కరలేదు. నిన్నటిదాకా అన్నం వడ్డించిన మనిషి నోట తెలియని భాష రావడం చాలు. శోభనకు జాతీయ పురస్కారం లభించింది ఈ పాత్రకే.

ఆస్తికులు ఈ చిత్రం వద్ద కొంచెం ఆగాలి. అందులో తాంత్రికుడు తన విద్యను మానసిక వైద్యుని చికిత్సకు తోడుగా ఇస్తాడు. అగ్ని ఉంటుంది, ముగ్గు ఉంటుంది, మంత్రమూ ఉంటుంది. ఆమె ఖండించేది మాత్రం ఒక బొమ్మను. వైద్యుడు తాంత్రికుణ్ణి హేళన చేయడు, తాంత్రికుడు వైద్యునికి అడ్డుపడడు. నిజజీవితంలో ఈ సఖ్యం అరుదు. మనస్సు చెదిరిన బిడ్డను దేవాలయానికి తీసుకొనివచ్చే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. రక్షరేకు కట్టి పంపివేయడం అర్చకునికి సులభం. 'అర్చన చేస్తాను, కాని రేపు ఉదయమే వైద్యుని వద్దకు తీసుకొనివెళ్లండి' అని చెప్పడమే కష్టం. ఎందుకంటే వచ్చినవారికి భూతమే ఊరట. భూతమైతే బయటిది, ఏనాటికైనా వదలిపోతుంది. మనస్సే చెదిరిందంటే ఎక్కడికి పోవాలి? అందుకే తీర్థం పుచ్చుకొని వెళుతూ ఆ తల్లి గడప వద్ద వెనుదిరిగి ప్రాధేయపడుతున్నట్లు అడుగుతుంది: "దెయ్యమే కదా పంతులుగారూ, ఇంకేమీ కాదు కదా?"