తూకం నిలకడ వేరు, నిజం వేరు

ఔషధ నిర్మాణంలో కొలతకు సంబంధించిన రెండు గుణాలను ఒకటిగా భావించడం నేడు పరిపాటి అయినది. ఎన్నిసార్లు తూచినా ఒకే అంకె రావడం నిలకడ. ఆ అంకె వస్తువు అసలు బరువుతో సరిపోవడం యథార్థత. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నదనుకోరాదు.

ఇటీవల ఒక యువవైద్యుడు సితోపలాది చూర్ణం తయారుచేస్తూ తన ఎలక్ట్రానిక్ త్రాసును నాకు చూపించారు. ఒకే దాల్చినచెక్క పొడిని మూడుసార్లు తూచారు. మూడుసార్లూ 10.00 గ్రాములే. ముచ్చటగానే ఉన్నది. ప్రభుత్వ ముద్ర గల 10 గ్రాముల తూనికరాయిని అదే గిన్నెలో ఉంచమన్నాను. 8.00 చూపింది! విచారించగా, బరువైన గిన్నె పెట్టి త్రాసును సున్నాకు తెచ్చి, ఆపైన రెండు గ్రాములు తేలికైన గిన్నెలో తూస్తున్నారని తేలింది. త్రాసు దోషమేమీ లేదు. తప్పు మాత్రం ఎంతో నిలకడగా వస్తున్నది.

“అన్నింటిలోనూ అదే రెండు గ్రాములు కదండీ, పాళ్ళు మారవు” అన్నారాయన. త్రికటు చూర్ణమైతే ఆ మాట చెల్లును. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు సమభాగాలు గనుక మూడింటిలో రెండేసి గ్రాములు పెరిగినా సమత్వం చెడదు. సితోపలాదిలో పటికబెల్లం 16 పాళ్ళు, వంశలోచనం 8, పిప్పళ్ళు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1. పాలు 10 గ్రాములైతే పటికబెల్లం 160కి బదులు 162 పడుతుంది. అది ఎంచదగిన తేడా కాదు. దాల్చినచెక్క 10కి బదులు 12, అనగా ఐదవ వంతు అధికం! శుద్ధి చేసిన వత్సనాభి చేరే రసౌషధాలను మిల్లీగ్రాముల మోతాదులో ఇస్తాము. అక్కడ ఇటువంటి తప్పు రోగి ప్రాణం మీదికి తెస్తుంది.

పూర్వుల గురిగింజ తూకాన్ని చూసి నవ్వేవారున్నారు. గింజకూ గింజకూ బరువు తేడా ఉన్నమాట నిజమే. కానీ అనేక గింజలు కలిపి తూచినపుడు ఆ హెచ్చుతగ్గులు చాలవరకు సర్దుకుంటాయి. మారిన గిన్నె వలన వచ్చిన తప్పు వెయ్యిసార్లు తూచినా సర్దుకోదు.

కర్షాన్ని తులంగా లెక్కించి 11.664 గ్రాములని వ్రాసేవారిది మరొక భ్రమ. 180 గ్రెయిన్ల తులాన్ని స్థిరపరచినది 1833లో ఆంగ్ల పాలకులు. ఆ దశాంశాలు శార్ఙ్గధరునివి కావు. భారత ఆయుర్వేద ఫార్ములరీ కర్షానికి 12 గ్రాములు గ్రహించినది. నాకదే సమ్మతం.

ఇంట చూర్ణాలు వాడే పాఠకులు “రోజూ ఇదే చెంచా, ఇదే మోతాదు” అంటూ ఉంటారు. ఆ చెంచాలో ఎన్ని గ్రాములు పడుతుందో ఎందరికి తెలుసు? చెంచాడు సునాముఖి చూర్ణం, చెంచాడు పటికబెల్లం పొడి ఒకే బరువు తూగవు. వైద్యుడు గ్రాములలో మోతాదు చెప్పినపుడు, ఆ చూర్ణాన్నే మీ చెంచాతో, అంచుకు సమంగా గీసి, పది చెంచాలు తూయించి పదితో భాగించండి. వచ్చిన అంకెను డబ్బా మీద వ్రాసిపెట్టుకోండి. చూర్ణం గాని, చెంచా గాని మారితే మళ్ళీ తూయించవలసినదే.