బండి బాగోగులు: ఇరుసు చమురు కారుతుంటే

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్నారు మన పెద్దలు. ఎడ్లబండి ఇరుసు ఎండిపోతే ఆ కిర్రు ఊరంతా వినబడేది. బండివాడు దిగి, ఆముదంలో మసి కలిపిన కందెన కాస్త పూసేవాడు. ఇక్కడి ట్రక్కుల ఇరుసుకు ఆ మంచి గుణం లేదు. చమురు నెలల తరబడి చుక్క చుక్కగా కారిపోతున్నా కిక్కురుమనదు. అది మూలిగే నాటికి బేరింగో గేర్లో అరిగిపోయి ఉంటాయి. అంతకు ముందే బ్రేకు చెడి ఉంటుంది. షాంటిలీ పరిసరాల్లో మంచు కోసమో, సామాను కోసమో ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు ఉంచుకున్న మన కుటుంబాల కోసం ఈ నెల ఈ సంగతి వ్రాస్తున్నాము.

వెనక ఇరుసంటే ఒక లావుపాటి ఇనుప గొట్టం. నడుమ గుండ్రటి డొల్లలో డిఫరెన్షియల్ గేర్లు, వాటికి చిక్కటి గేర్ ఆయిల్. అక్కడి నుంచి రెండు కడ్డీలు గొట్టంలోంచి చక్రాల దాకా పోతాయి. కడ్డీ బయటికి వచ్చే చోట చమురును ఆపేది ఇనుప చట్రంలో రబ్బరు పెదవి ఉన్న చిన్న సీలు. వెల కొద్ది డాలర్లే. కాని పాత ట్రక్కుల్లో దాని పక్కనే డ్రమ్ము బ్రేకు ఉంటుంది. సీలు కారితే చమురు తిన్నగా బ్రేకు షూల మీదికే పోతుంది. చమురు తాగిన షూ ఒకసారి పట్టదు, ఒకసారి అదాటున పట్టేసి బండిని పక్కకు లాగుతుంది. పిల్లలతో స్కైలైన్ డ్రైవ్ ఎక్కి, ఫ్రంట్ రాయల్ వైపు దిగుతున్నప్పుడు తెలుసుకోవలసిన విషయం కాదది.

గుర్తు పట్టడం కష్టం కాదు. వెనక టైరు లోపలి వైపు చూడండి. నల్లగా, జిడ్డుగా తడి ఉంటే వేలితో తాకి వాసన చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం కంపు కొడుతుంది. పలచగా ఉంటే బ్రేకు ద్రవం కావచ్చు. దాని వైద్యం వేరు. వర్జీనియాలో ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌లో బ్రేకు లైనింగు మీద గ్రీజు, చమురు కనబడితే బండిని తిప్పి పంపుతారు. బాగు చేయించుకోవడానికి 15 రోజుల గడువు. ఆ కాగితాన్ని చూసి విసుక్కోకండి. అది మన మేలుకే.

ఇక అసలు మాట. సీలు మార్చగానే పని అయిపోయిందనుకోకూడదు. మన సంక్రాంతి సభకు వేదిక సామాను, వంట గుండిగలు మోసే సభ్యుని ట్రక్కుకు ఒక గరాజులో రెండుసార్లు సీలు మార్చారు. రెండుసార్లూ మళ్ళీ కారింది. మూడోసారి మరొకరు చూస్తే ఇరుసు పైన ఉండే ఊపిరి గొట్టం, అదే బ్రీదర్, మట్టితో పూడుకుపోయి ఉంది. బండి నడిచినకొద్దీ చమురు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ మూసుకుపోతే ఆ ఒత్తిడి చమురును సీలు గుండా బయటికి తోస్తుంది. వేడి ఇరుసు వాగులో మునిగితే దీనికి తలకిందులు: గాలి ముడుచుకుని నీటిని లోపలికి పీలుస్తుంది, చమురు పాలవలె తెల్లబడుతుంది. బ్రీదర్ కాక మరి మూడు కారణాలున్నాయి: బేరింగు వదులై కడ్డీ ఊగడం, కడ్డీ మీద సీలు ఆనే చోట గాడి పడడం, చమురు ఎక్కువ పోయడం.

స్వయంగా చేసుకునేవారికి నాలుగు మాటలు. జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు. స్టాండ్లు పెట్టండి, ముందు చక్రాలకు అడ్డు వేయండి. చమురు తీసే ముందు, పోసే రంధ్రం బిరడా ఊడుతుందో లేదో చూసుకోండి. అది తుప్పుతో బిగిసిపోతే ఖాళీ ఇరుసుతో కూర్చోవాలి. బ్రేకు దుమ్మును గాలితో ఊదకండి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. సీలు పెదవి చమురు వైపు తిరగాలి; కాస్త గ్రీజు రాసి, వంకర పోకుండా చుట్టూ సమంగా కొట్టండి. తడిసిన షూలను కడిగి వాడవద్దు, రెండు వైపులా కొత్తవి వేయండి. చమురు రంధ్రం అంచు దాకా చాలు. పాత చమురు వాననీటి కాలువలో పోయకండి.

ముందు ఇరుసు సంగతి వేరు. ఒకే గొట్టంగా ఉన్న ముందు ఇరుసుల్లో చాలావాటికి సీళ్ళు లోపల డిఫరెన్షియల్ పక్కన ఉంటాయి. తడి మాత్రం చక్రం దగ్గర కనబడుతుంది. వాటిని మార్చాలంటే గేర్ల కూర్పు మొత్తం బయటికి తీయాలి. ఆ పని తెలిసినవారికే వదలండి.

గరాజుకు వెళ్తే "సీలు మార్చండి" అని ఊరుకోకండి. "ఎందుకు కారిందో చూసి చెప్పండి, బ్రీదర్ శుభ్రం చేయండి" అని పని చీటీ మీద వ్రాయించండి. అంతవరకు ఆ ట్రక్కుతో బరువు లాగవద్దు, కొండ దిగవద్దు. మన బండి పాడదు కనుక, ఇంజన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ వంగి టైరు లోపలి వైపు చూడడం మన వంతు.