ఆ చీకటిలో ఎవరి ముఖము చూస్తున్నాము?



మన యౌవనస్థులు దయ్యాల సినిమాలకు అలవాటుపడ్డారని, కళ్లాల్లో మిర్చికి కాపలా పడుకున్నప్పుడు కూడా ఫోనులో అవే చూస్తున్నారని తల్లిదండ్రులు మాతో చెబుతున్నారు. "అవి చూస్తే దయ్యము పడుతుంది" అని కొందరు బోధకులు అంటున్నారు. ఆ మాటను మేము ఒప్పుకొనము. సినిమా చూసినవారికి పట్టేది అనుమానము. దాని సంగతి ఎవరూ మాట్లాడుట లేదు.

ఈ సినిమాల ఆకర్షణ ఎక్కడ ఉన్నదో చూడండి. 2012లో రవిబాబు తీసిన ‘అవును’లో ఒక కొత్త ఇల్లు, కొత్తగా పెళ్లయిన జంట, కంటికి కనబడని ఒకడు. ఖర్చు తక్కువ గనుక ఇలాంటి సినిమాలు దయ్యమును పెద్దగా చూపించవు. కిర్రుమనే తలుపును, చీకటి మూలను, నిశ్శబ్దమును చూపిస్తాయి. మిగిలినది చూసేవారి మనస్సే కల్పించుకుంటుంది. అది మంచి పనితనమే, కాదనము.

అయితే ఆ ఖాళీలో మనస్సు ఎవరి ముఖమును పెడుతుంది? 2022లో వచ్చిన ‘మసూద’లో భయము బురఖా వేసుకున్న స్త్రీ రూపములో వస్తుంది. దయ్యమును ఎదిరించే పెద్దాయన కూడా ముస్లిమే కదా అంటారు, నిజమే. కాని దీపము ఆర్పిన తరువాత పిల్లవానికి గుర్తుండేది ఆయనా, ఆ బురఖాయా? 2021లో ఓటీటీలో వచ్చిన ‘మా ఊరి పొలిమేర’ చేతబడి కథ. సినిమా ముగిసినా పల్లెలో ఆ మాట ముగియదు. బిడ్డకు జ్వరము తగ్గకపోతే, గేదె చేపకపోతే, వేలు ఎవరి వైపు తిరుగుతుంది? ఒంటరి విధవరాలి వైపు, వెనుక ఎవరూ లేని ముసలమ్మ వైపు. జాతీయ నేర రికార్డుల బ్యూరో హత్యల కారణాల పట్టికలో చేతబడికి ప్రత్యేకముగా ఒక గడి ఉన్నది. బీహారు 1999లో, మహారాష్ట్ర 2013లో ఇందుకోసమే చట్టాలు చేసుకోవలసి వచ్చింది.

సినిమావాడు రెండు గంటలు భయపెట్టి, లైట్లు వేసి ఇంటికి పంపుతాడు. "నీ ఇంటి మీద ఎవరో ఏదో చేయించారు" అని మైకులో చెప్పే బోధకుడు ఆ లైట్లు వేయడు. విన్నవారు ఆ "ఎవరో" ఎవరా అని వెదకుతూ పక్కింటి గుమ్మము దగ్గర ఆగుతారు. సినిమాను తిట్టి, అదే సినిమాను వేదిక మీద ఆడించుట న్యాయమా?

మత్తయి సువార్త 14వ అధ్యాయము చదవండి. రాత్రి నాలుగవ జామున, అలల మధ్య, సహాయము చేయవచ్చిన ప్రభువునే శిష్యులు భూతమనుకొని కేకలు వేశారు. భయము మనిషి చూపును అంతగా చెడగొడుతుంది. ప్రభువు ఆ భయమును వాడుకొనలేదు. వెంటనే మాట్లాడి, తానెవరో తెలియజేశారు.

కాబట్టి సినిమాలు చూడవద్దని మేము ఆజ్ఞ వేయము. చూసినవారు మరునాడు, ఊరు అనుమానించే ఆ అవ్వ ఇంటికి వెళ్లండి. వరుస పెట్టి పలకరించి, ఆమె ఇచ్చిన మంచినీళ్లు త్రాగండి. బిడ్డకు జ్వరమైతే ప్రార్థన చేద్దాము, ఆసుపత్రికీ తీసికొని వెళ్దాము. మన మంగళగిరిలోనే ఎయిమ్స్ ఉన్నది. మన సంఘములో ఎవరైనా ఒక స్త్రీ మీద చేతబడి మాట పలికితే, అది ఎంత పెద్దవారు పలికినా, మేము ఆమె పక్షమున నిలబడతాము.

భయపడువారికి ప్రభువు ధైర్యమిచ్చును గాక. ఆమేన్.