తెర మీద చతురస్రం, చేతిలో అగ్గిపెట్టె

మన ప్రభుత్వ బడుల్లో నల్లబల్ల పక్కన ఇప్పుడు తెర కూడా చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద ఉన్నత పాఠశాలలకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. తెలంగాణలో కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు నడిచాయి. సంఘాలు నడిపే బడులూ, సాయంకాలపు ట్యూషన్ కేంద్రాలూ ఇదే బాట పట్టాయి. తెర కావాలా వద్దా అని వాదించుకునే కాలం దాటిపోయింది. ఇక తల్లిదండ్రులు, సంఘ పెద్దలు అడగవలసింది ఒకటుంది: ఆ తెర ముందు పిల్లవాడు ఏం చేస్తున్నాడు?

చిన్న పాఠం ఒకటి తీసుకుందాం. ఆకారాలు. మూడో తరగతి లోపు నేర్పేదే. కేంద్రం 2021 జూలై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యం ప్రకారం 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, ప్రాథమిక గణితం రావాలి. ఆకారాల పరిచయం అందులో భాగమే.

మీ ఇంట్లోనే పరీక్షించి చూడండి. కాగితం మీద ఒక చతురస్రం గీసి పిల్లలకు చూపండి. "చతురస్రం" అంటారు. అదే కాగితాన్ని కొంచెం తిప్పి, మూల కిందికి వచ్చేలా పట్టుకోండి. చాలామంది "డైమండ్" అంటారు. భుజాలు మారలేదు, కోణాలు మారలేదు, పేరు మాత్రం మారిపోయింది! నెదర్లాండ్స్‌కు చెందిన పియరీ వాన్ హీలీ, డైనా వాన్ హీలీ అనే ఉపాధ్యాయ దంపతులు 1957లో తమ పరిశోధనల్లో దీని కారణం వివరించారు. చిన్న పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా, ఒక ముఖాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. నాలుగు భుజాలు సమానం, నాలుగు కోణాలు లంబకోణాలు అని లక్షణాలు చూసి చెప్పడం తరువాతి మెట్టు. వయసు పెరిగినంత మాత్రాన ఆ మెట్టు ఎక్కరు, తగిన పని చేయిస్తే ఎక్కుతారు.

పుస్తకంలో త్రిభుజం ఎప్పుడూ బల్ల మీద కూర్చున్నట్టే ఉంటుంది. తెర ఇక్కడ నిజంగా సాయపడగలదు. 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ ఆస్ట్రియాలో మొదలుపెట్టిన జియోజీబ్రా ఉచితంగా దొరుకుతుంది. అందులో త్రిభుజపు ఒక శీర్షాన్ని వేలితో పట్టి లాగితే అది సన్నబడుతుంది, వాలుతుంది, తలకిందులవుతుంది, అయినా త్రిభుజంగానే ఉంటుంది. అలాంటి వంద త్రిభుజాలను ఏ పుస్తకమూ అచ్చు వేయలేదు.

అయితే పిల్లల యాప్‌లలో చాలావాటి తీరు వేరు. "వృత్తాన్ని తాకు" అంటుంది, తాకితే చప్పట్లు, నక్షత్రాలు. తాకింది గుండ్రంగా ఉంది కాబట్టి సరిపోయింది, ఎందుకు వృత్తమో ఎవరూ అడగరు. ఇది మొదటి మెట్టు మీదే పిల్లవాణ్ణి కూర్చోబెట్టి మిఠాయి పెట్టడం. చప్పట్లు ఎక్కువైన యాప్‌ను నేనైతే కొంత అనుమానంగానే చూస్తాను.

నాలుగైదు తరగతుల వారికి ఇంకో మంచి పని ఉంది. 1967లో అమెరికాలో సేమూర్ పాపర్ట్, మరికొందరు కలిసి లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. అందులో తెర మీది తాబేలుకు "ముందుకు నడువు, కుడికి తిరుగు" అని చెబితే అది గీత గీస్తుంది. ముందుకు 100, కుడికి 90, ఇలా నాలుగుసార్లు చెబితే చతురస్రం. మరి సమబాహు త్రిభుజానికో? దాని కోణం 60 డిగ్రీలని పిల్లవాడికి తెలుసు కనుక 60 తిరగమంటాడు. మూడుసార్లు నడిచినా గీతలు కలవవు, సగం షడ్భుజి మిగులుతుంది. లేచి నిలబడి తానే తాబేలులా నేల మీద నడిచి చూస్తే, మూల దగ్గర తాను తిరగవలసింది 120 అని వాడి కాళ్లకు తెలుస్తుంది. ఇక్కడ తెర తప్పు పట్టలేదు, మార్కు కోయలేదు. చెప్పింది చేసి చూపించింది, అంతే. అంత ఓపిక మన తరగతి గదుల్లో ఎప్పుడూ కనబడదు.

తెర చేయలేనిదీ ఉంది. ఘనం, స్తూపం, శంఖువు తెర మీద బొమ్మలే. అగ్గిపెట్టెకు ఎన్ని ముఖాలో వేలితో తడిమి లెక్కపెట్టాలి, సబ్బు పెట్టెను విప్పి పరిచి మళ్లీ మడవాలి. చుక్కల ముగ్గు సంగతీ అంతే. దానిని మన ఇళ్లముందు వేస్తామా లేదా అన్నది వేరే చర్చ. చుక్కలు పెట్టి గీతలు కలపడం మాత్రం చక్కటి రేఖాగణితం. పిల్లలకు పలక మీద చుక్కలు పెట్టి ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

భాష మరో చిక్కు. వీడియో "రెక్టాంగిల్" అంటుంది, టీచరమ్మ "దీర్ఘచతురస్రం" అంటుంది. ఈ రెండూ ఒకటేనని ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది: నలభై మందికి ఒకే టీవీ. లాగడం, తిప్పడం, తప్పుచేసి సరిదిద్దుకోవడం ఒక్కరికే దక్కుతుంది, మిగతా ముప్పై తొమ్మిది మంది చూస్తారు. స్తోమత గల ఇంటి బిడ్డకు సొంత ట్యాబ్ ఉంటుంది. కూలికి వెళ్లే తండ్రి ఫోన్ తీసుకుపోయిన ఇంటి బిడ్డకు ఆ టీవీ తప్ప మరొకటి లేదు.

మన ఆలయాల్లో ప్రొజెక్టర్లు, కొన్నిచోట్ల కంప్యూటర్లు వారంలో ఆరు రోజులు మూసిపెట్టి ఉంటాయి. సంఘంలో పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టార్లు ఉన్నారు, ఇంజినీరింగ్ చదివే యౌవనస్థులున్నారు. ఏ సంఘానికి చెందినవారైనా సరే, వీధిలోని పిల్లలను వారానికి రెండు సాయంత్రాలు నలుగురేసి ఒక కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టవచ్చు. పక్కనే ఒక అట్టపెట్టెల గుట్ట, కత్తెర, జిగురు ఉంచండి. కొత్త పరికరం కొనే తీర్మానం కమిటీ ముందుకు వస్తే, అది ఎన్ని అంగుళాలన్నది తరువాత చూడవచ్చు. ఒక్కో బిడ్డ చేతికి ఎన్ని నిమిషాలు వస్తుందో ముందు లెక్క వేయండి.