ఎత్తు బండిలో ఒక పగలు



పోయిన నెల ఈ పేజీలో రోడ్ల మీద వడ్లు ఆరబోయడం గూర్చి వ్రాశాము. చదివి ఉత్తరాలు వ్రాసిన వారందరికీ వందనాలు. "మీరు బస్సుల్లో తిరిగే మనుషులు, బండి నడిపేవాడి బాధ మీకేమి తెలుసు?" అని ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. మా ఇద్దరిలో ఎవరికీ కారు నడపడం రాదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, ఒక స్కూటరు కొని, చివరికి దానిని కూడా అమ్మేసినవాళ్ళం. అయినా ఈ నెల ఒక కారును గూర్చే వ్రాయవలసి వచ్చింది. దానికి మా అల్లుడు కారణం.

అల్లుడిది గద్వాల. నడిగడ్డలో చాలామంది లాగానే సీడు పత్తి వేస్తాడు. రెండేళ్ళుగా పంట బాగానే వచ్చింది. ఇంట్లో ఉన్న పాత కారు అమ్మి, మహీంద్రా వారి ఎక్స్‌ఈవీ 9ఈ అనే కరెంటు ఎస్‌యూవీ కొనాలని అతని మనసు. 2024 నవంబరులో విడుదలైన ఈ బండికి, 2025 ఆరంభంలో ప్రకటించిన షోరూము ధరలు 21 లక్షల 90 వేలు మొదలుకొని 30 లక్షల 50 వేల దాకా ఉన్నాయి. అతడు కన్నేసింది అన్నిటికంటె పైదాని మీద. అప్పు లేకుండా అయ్యే పని కాదు. మా అమ్మాయి ఫోనులో ఎక్కువ మాట్లాడలేదు. "నాన్నా, నువ్వూ అమ్మా ఒకసారి ఎక్కి చూసి, మీకు తోచింది ఆయనకు చెప్పండి. నేను చెబితే ఇంట్లో గొడవవుతుంది" అన్నది. అల్లుడితో ఇటువంటి మాట చెప్పడం ఎంత కష్టమో ఆడపిల్లలను కన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

షోరూము వారు మామూలుగా ఊరి చుట్టూ ఒక త్రిప్పు త్రిప్పి పంపేస్తారట. అల్లుడు పట్టుబట్టగా ఒక కుర్రవాణ్ణి తోడిచ్చి ఒక రోజుకు బండిని పంపారు. నాగర్‌కర్నూలులో మమ్మల్ని ఎక్కించుకొని, గోపాల్‌పేట మీదుగా వనపర్తి వెళ్ళి అక్కడ మా వియ్యపురాలిని ఎక్కించుకొని, పెబ్బేరు దగ్గర పెద్ద రోడ్డు అందుకొని గద్వాల చేరడం, భోజనం చేసి సాయంకాలం తిరుగు ప్రయాణం. ఇదీ ఏర్పాటు. పోనూ రానూ రెండు వందల కిలోమీటర్ల లోపే. మే నెల. ఉదయం తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటున్నది. ప్రార్థన చేసుకొని బయటికి వచ్చాము.

మొదట తలుపు తీయడమే తెలియలేదు. పిడి తలుపులోనే అణిగి ఉంటుంది, తాళం తీయగానే బయటికి వస్తుంది. లోపల ముందు భాగమంతా ఈ కొస నుండి ఆ కొస దాకా అద్దపు పలక. ఒక్కొక్కటి 12.3 అంగుళాల తెరలు మూడు పక్కపక్కన అమర్చారు. నెత్తిన కూడా అద్దమే. "ఎండ దిగదా బాబూ?" అని అడిగితే వేడిని ఆపే అద్దమని కుర్రవాడు చెప్పాడు. నిజమే, ఏసీ వేసిన కాసేపటికి బయట మే నెల అన్న సంగతి మరచిపోయాము. వెనుక సీటు మెత్తగా, కాళ్ళు చాచుకునేంత జాగాతో ఉన్నది. అయితే కాళ్ళ క్రింద బ్యాటరీ ఉండడం వలన నేల కొంచెం ఎత్తు, మోకాళ్ళు పైకి లేస్తాయి. అరగంట తరువాత ఆ సంగతి తెలుస్తుంది. వెనుక అద్దం ఏటవాలుగా ఉన్నందున అందులో నుండి వచ్చేవాళ్ళు సన్నగా కనబడతారు.

"ఇంకా స్టార్టు చేయలేదా నాయనా?" అని మాలో ఒకరు అడిగాము.

"బయలుదేరినం అత్తమ్మా. స్టేషను దాటినం కూడా" అన్నాడు అల్లుడు నవ్వుతూ.

పోలీసు స్టేషను వెనుకబడింది, నిజమే. చప్పుడు లేదు. మాకు పాత జీపు గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు మన ప్రాంతంలో ఎవరికైనా ఒళ్ళు బాగులేకపోతే జడ్చర్ల మిషను ఆసుపత్రికి తీసుకుపోయేది జీపులోనే. ఈ కంపెనీ వారే స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విల్లీస్ జీపులను ఈ దేశంలో కూర్చడంతో తమ బండ్ల పని మొదలుపెట్టారు. తలుపులు ఉండవు, పైన గుడ్డ. ఎర్రమట్టి ముక్కులో, నోటిలో. నలభై దాటిందంటే బండంతా గడగడలాడేది, అరవై దాటితే రోగి "మెల్లగా పోనియ్యి" అనేవాడు. ఆ జీపు తన వేగమెంతో ఎక్కినవాడికి తానే చెప్పేది. ఈ బండి చెప్పదు. ఆ రోజు మేము చూసినదాంట్లో మాకు ముఖ్యమనిపించింది ఇదే, అందుకే మిగిలిన సంగతుల కంటె ముందుగా చెబుతున్నాము.

వనపర్తిలో వియ్యపురాలు ఎక్కారు. ఆమెకు రెండు మోకాళ్ళూ నొప్పే. బస్సు మెట్టు కంటె ఇది నయమని ఆమే అన్నారు, కాని పైన పట్టుకోవడానికి చేయి ఇచ్చేవాళ్ళు ఉండాలి. ఎవరైనా ఎత్తు బండి కొనదలిస్తే ఇంట్లో అందరికంటె పెద్దవారిని తీసుకుపోయి ఎక్కించి దించి చూడండి. కొడుకులు సీటులో కూర్చొని పాటల పెట్టె వింటారు, మోకాలి సంగతి వారికి తోచదు.

బెల్టు దగ్గర పేచీ వచ్చింది. "ఎనకల కూసున్నోళ్ళకు బెల్టెందుకు వదినా? గుంజకు కట్టిన మేక లెక్క" అన్నారామె. బండి టింగు టింగుమని మొత్తుకుంటూనే ఉన్నది. కట్టి కూర్చునే దాకా పోనివ్వబోమని మేమూ మొండికేశాము. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర ఒక నది వంతెన మీద పెద్ద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయిన సంగతి చాలామంది చదివే ఉంటారు. అది కూడా ఇలాంటి ఖరీదైన ఎత్తు బండే. నలుగురు ఉన్నారు. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. వెనుక ఉన్న ఇద్దరూ పోయారు, ఆ ఇద్దరికీ బెల్టు లేదు. వెనుక సీటు వారికి కూడా బెల్టు తప్పనిసరి అని చట్టంలో ఉన్నది, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉన్నది. అయినా మన వైపు పెళ్ళికి పోయే కార్లలో వెనుక బెల్టులు సీటు క్రిందనే పడి ఉంటాయి.

అల్లుడు అప్పుడు ఒక మాట అన్నాడు. "మామా, దీనికి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు. పెద్దవాళ్ళ రక్షణకు 32కు 32 మార్కులు." అది నిజమే. పంతుళ్ళం కదా, నూటికి నూరు మార్కులంటే పేపరు చూడకుండా ఉండలేము. ఆ పరీక్షలో 64 కిలోమీటర్ల వేగంతో బండిని గుద్దించి, లోపల కూర్చోబెట్టిన బొమ్మలకు తగిలిన దెబ్బలు లెక్కవేస్తారు. ఆ బొమ్మలు బెల్టు పెట్టుకొని ఉంటాయి. పిల్లల మార్కులు వచ్చింది కూడా పిల్లల సీటులో కట్టిన బొమ్మలకు, అమ్మమ్మ ఒడిలో కూర్చున్నవాటికి కాదు. ఈ మాట చెప్పిన తరువాత వియ్యపురాలు బెల్టు కట్టించుకున్నారు.

పెబ్బేరు దగ్గర జాతీయ రహదారి ఎక్కాము. ఇక్కడే జరిగింది అసలు సంగతి. రోడ్డు నున్నగా ఉన్నది, బండి తేలిపోతున్నట్టు ఉన్నది. మేము ముగ్గురం మనుమల చదువుల గూర్చి మాట్లాడుకుంటున్నాము. మాలో ఒకరికి ఎందుకో ముందు తెర మీది అంకె కనబడింది. పైకి ఏమీ అనకుండా, "వదినమ్మా, మనం ఎంత స్పీడులో పోతున్నామంటారు?" అని వియ్యపురాలిని అడిగాము. ఆమె కిటికీలో నుండి కాసేపు చూసి, "నలభై ఉంటదేమో" అన్నారు.

నూట పద్దెనిమిది.

నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు 2018 నుండి గరిష్ఠ వేగం వంద. అల్లుడు దురుసుగా నడిపే మనిషి కాడు. తనకే తెలియలేదు. ఆగిన చోటు నుండి వందకు 6.8 సెకండ్లలో అందుకుంటుందని కంపెనీ చెప్పే బండి, కాలు కొంచెం బరువైతే చాలు. అద్దంలో మమ్మల్ని చూసి అతడే తగ్గించాడు. ఎవరమూ ఏమీ అనలేదు. ఈ రోడ్డు మీదనే, కొత్తకోట దగ్గర పాలెం వద్ద, 2013 అక్టోబరు 30న తెల్లవారుజామున బెంగుళూరు నుండి హైదరాబాదు వస్తున్న ఏసీ బస్సు కల్వర్టును గుద్ది కాలిపోయింది. నలభై అయిదుగురు పోయారు. ఎక్కువమంది మంచి నిద్రలో ఉన్నవారే. అది గుర్తుకు వచ్చి, బీచుపల్లి వంతెన దాటిన తరువాత బండి ఆపించి, తలుపు లోపలి నుండి ఎలా తెరవాలో ఆ కుర్రవాడి చేత చూపించి, ముగ్గురమూ ఒక్కొక్కసారి తీసి చూశాము. అతనికి నవ్వు వచ్చినట్టుంది. రానివ్వండి.

గద్వాలలో పిల్లలకు పండుగే. కోట దగ్గరి సందులో మాత్రం 1.9 మీటర్ల వెడల్పు ఏమిటో తెలిసింది. ఎదురుగా ఆటో వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవలసిందే. చేను దారిలో గుంతలకు కడుపు తగలలేదు, 207 మిల్లీమీటర్ల ఎత్తు అక్కడ పనికి వచ్చింది.

భోజనాల దగ్గర లెక్కలు తీశాము. ఖర్చు విషయంలో బండి పక్షానే న్యాయమున్నది. కరెంటు బండికి జీఎస్టీ 5 శాతమే, పెద్ద డీజిలు ఎస్‌యూవీలకు 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 దాకా కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మాఫీ చేసింది. మా ప్రయాణం మొత్తానికి పట్టింది ముప్ఫై యూనిట్లు. యూనిటుకు పది రూపాయలు వేసుకున్నా మూడు వందలే. డీజిలు బండికి వెయ్యి దాటేది. పెద్ద బ్యాటరీ 79 యూనిట్లది, ఇంటి చార్జరుతో పూర్తిగా నిండాలంటే దాదాపు పన్నెండు గంటలు. రాత్రి పెట్టి పడుకుంటే సరి.

అప్పు దగ్గరికి వచ్చేసరికి అమ్మాయి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇరవై లక్షలు అయిదేళ్ళకు తొమ్మిది శాతం వడ్డీతో తీసుకుంటే కిస్తీ నెలకు 41 వేల 500 పైచిలుకు. "నాయనా, సీడు డబ్బులు నెలనెలా వస్తాయా?" అని అడిగాము. రావు. ఏడాదికొకసారి వస్తాయి, అదీ విత్తనం పరీక్ష నెగ్గిన తరువాత, ఒక్కొక్కసారి నెలలు గడిచాక. జూన్‌లో విత్తు వేయాలి, ఆగస్టు నుండి క్రాసింగు కూలీలకు రోజూ చేతిలో డబ్బు పెట్టాలి. కిస్తీ ఆ నెలల్లో కూడా వస్తుంది. అల్లుడు చాలాసేపు కంచంలోకి చూస్తూ ఉన్నాడు. "బండి మంచిదే కద మామా?" అన్నాడు చివరికి. మంచిదేనని చెప్పాము. మేము ఎక్కినవాటిలో ఇంత మంచి బండి లేదు. అది అబద్ధం కాదు.

తిరిగి వచ్చేటప్పటికి చీకటి పడింది. వియ్యపురాలిని వనపర్తిలో దించాము. గోపాల్‌పేట దాటాక సగం రోడ్డు మీద యాసంగి వడ్లు. నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నారు. ఉదయం అల్లుడు, ఎదురుగా ఏమన్నా వస్తే బండే బ్రేకు వేస్తుందని మాకు చెప్పి ఉన్నాడు. ఇప్పుడు ఆ కుర్రవాడే, "సార్, దాన్ని నమ్ముకోకండి. అది సాయానికే. అన్నిటినీ గుర్తుపట్టదు" అన్నాడు. అల్లుడు ముందే నెమ్మది చేశాడు. ఇరవైలో ఉన్నాము, అంకె చూసుకున్నాము.

పట్టా పక్కన దుప్పటి కప్పుకొని ఒక ముసలాయన పడుకొని ఉన్నాడు. దీపాల వెలుగుకు లేచి కూర్చున్నాడు. బండి పట్టదని, రెండు రాళ్ళు ప్రక్కకు దొర్లించాడు. అద్దం దించితే లోపలికి తొంగిచూసి, "సప్పుడే లేదు. కొత్తదా?" అన్నాడు.

"మాది కాదు తాతా. చూడనీకె తెచ్చినం" అన్నాడు అల్లుడు.